రైడ్ ఎక్కనివాళ్ల డిస్నీ

డిస్నీ వరల్డ్‌కి వెళ్లొచ్చిన మనవాళ్లని, పిల్లలు అక్కడ ఏం చేశారని అడిగి చూడండి. ఎక్కిన రైడ్ల పేర్లు గడగడా చెప్పేస్తారు. ఏ లైన్లో ఎంతసేపు నిలబడ్డారో, లైన్ తప్పించుకోవడానికి లైట్నింగ్ లేన్‌కి ఎంత తగలేశారో కూడా చెబుతారు. ఒక్క రోజు టికెట్టే మనిషికి వంద డాలర్లు దాటుతుంది. దాన్ని రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే నాలాంటివాళ్ల సంగతి సరే, డాలర్లలో సంపాదించేవాళ్లకి కూడా గేటు తీయకముందే వెళ్లి, రాత్రి బాణాసంచా అయ్యేదాకా ఉంటేగానీ గిట్టుబాటైనట్టు అనిపించదు. అట్లాంటా నుంచి మమ్మల్నందర్నీ కార్లో తీసుకెళ్లిన మా అల్లుడి ఫోన్లో రోజుకో ఎక్సెల్ షీటుంది. అందులో భోజనానికి ఇరవై నిమిషాలు.

ఆ షీటులో నాకూ, మా చిన్న మనవరాలికీ పని లేని గళ్లు చాలానే ఉన్నాయి. స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 44 అంగుళాల ఎత్తుండాలి. గేటు దగ్గర కొలిచి చూస్తారు, బతిమాలినా వదలరు, వదలకూడదు కూడా. మా చిన్నదానికి ఎత్తు చాలదు, నాకు మెడనొప్పి. చిన్నపిల్లలున్నప్పుడు అమ్మానాన్నలు వంతులేసుకుని ఎక్కడానికి రైడర్ స్విచ్ అనే ఏర్పాటుంది గానీ, బయట కూర్చోవడానికి ఒక అమ్మమ్మ దొరికాక దాని అవసరం ఎవరికి? అలా మేమిద్దరం బెంచీ మీద మిగిలాం. పిల్లలకి ప్రత్యేకంగా ఏమేం ఉన్నాయో వెతికే పని రైడ్లు ఎక్కనివాళ్లకే అప్పగించాలన్న అభిప్రాయం నాకు అక్కడే కలిగింది. లైన్లో ఉన్నవాడికి ముందువాడి వీపు తప్ప ఇంకేమీ కనపడదు. బెంచీ మీద ఉన్నవాళ్లు నాలుగు వైపులా చూస్తారు, వచ్చేపోయేవాళ్లని ఆపి అడగడానికి తీరిక కూడా ఉంటుంది.

మేం మొదట చూసింది నేల ఊడ్చే కుర్రాణ్ణి. చీపురు నీళ్లలో ముంచి, సిమెంటు నేల మీద మిక్కీ మౌస్ మొహం గీశాడు. చుక్కల్లేకుండా గీతల ముగ్గు వేసే చెయ్యి అది. రెండు చెవులూ ఒక్క కొలతకొచ్చాయి. ఫ్లోరిడా ఎండకి ముక్కు గీసేలోపే ఒక చెవి ఆరిపోతుంటే మా చిన్నది పగలబడి నవ్వింది. అతని మెడపట్టీకి రంగురంగుల పిన్నులు గుచ్చి ఉన్నాయి. మన దగ్గరున్న అసలైన డిస్నీ పిన్ను ఒకటిచ్చి, అక్కడి ఉద్యోగుల దగ్గర మనకి నచ్చింది మార్చుకోవచ్చు. 1999లో, కొత్త సహస్రాబ్ది సంబరాలప్పుడు మొదలైన బేరం ఇది. బయటివాళ్ల ముందు నోరు విప్పని పిల్ల మాది. పిన్ను పిడికిట్లో పెట్టుకుని, నా చీర కుచ్చిళ్ల వెనక చాలాసేపు నిలబడింది. నేను మాట్లాడలేదు, అతనూ తొందరపెట్టలేదు. చివరికి తనే ముందుకెళ్లి ఏనుగు బొమ్మ కావాలని అడిగి తెచ్చుకుంది. ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం మా వల్ల కాలేదు, మెడపట్టీ కనపడిన ప్రతివాళ్లనీ ఆపేసింది.

అన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది యానిమల్ కింగ్‌డమ్ అనే పార్కులోని వైల్డర్‌నెస్ ఎక్స్‌ప్లోరర్స్ ఆట. లోపలికి వెళ్లగానే వంతెన దగ్గర పిల్లలకి ఒక చిన్న పుస్తకం ఇస్తారు. పైసా ఖర్చు లేదు. పార్కులో ఒక్కో చోటికి వెళ్లి, చూసి, ఆలోచించి, అడిగినదానికి జవాబు చెబితే ఒక్కో బ్యాడ్జి. బ్యాడ్జి అంటే స్టిక్కరే, ఆ పుస్తకంలో అంటిస్తారు. మొత్తం పాతిక పైనే ఉంటాయి. గొరిల్లాల దగ్గర ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల కళ్లకి సమానంగా మొహం పెట్టి, ఆ పెద్దదాన్ని చూసి ఏం కనిపించిందో చెప్పమంది. మా చిన్నది అద్దానికి ముక్కు ఆనించి చూసి చూసి, వీపంతా నెరిసిపోయింది, మా అమ్మమ్మలాగా ముసలిదైపోయింది అని తేల్చింది. ఆవిడ నా వైపు చూసి నవ్వు ఆపుకుని, అది ముసలితనం కాదనీ, మగ గొరిల్లా పెద్దవాడయ్యాక వీపు అలా వెండి రంగుకొస్తుందనీ చెప్పింది. స్టిక్కరిచ్చింది. నాకూ కొంచెం ఊరట.

ఈ ఆట 2009లో వచ్చిన పిక్సార్ సినిమా 'అప్' నుంచి పుట్టింది. అందులో రసెల్ అనే కుర్రాడికి ఒకే ఒక్క బ్యాడ్జి తక్కువవుతుంది, ముసలివాళ్లకి సాయం చేసినందుకిచ్చేది. ఆ సంగతి వాళ్లన్నయ్య, మా పెద్ద మనవడు, చెప్పగానే చిన్నది వచ్చి నా చేతిసంచీ లాక్కుని, "అమ్మమ్మా, నువ్వు కూర్చో, నీళ్లు తాగు" అంటూ సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. అదే పార్కులో ఆసియా అని ఒక భాగముంది. ఆనందపురం అని లేని ఊరొకటి కట్టారు. రాజుగారి పాడుబడ్డ కోట గోడల మీద వెలిసిపోయిన బొమ్మలు, మధ్యలో నిజం పులులు, పెద్ద పెద్ద గబ్బిలాలు. గోడకి అంత పాతదనం తెప్పించడానికి ఎంత డబ్బు పోశారో! మన దగ్గర అది ఊరికే వస్తుంది.

ఎప్కాట్ అనే ఇంకో పార్కులో 11 దేశాల మండపాలున్నాయి. ఇండియా లేదు, అది నాకు మింగుడుపడలేదు. పెద్దవాళ్లు తిండి కోసం తిరుగుతుంటే పిల్లలకి విసుగు రాకుండా ఆ మండపాల్లో కిడ్‌కాట్ బల్లలుంటాయి, రంగులు వేసుకోవడానికి కార్డులిస్తారు. జపాన్ బల్ల దగ్గర ఉన్నామె మా పెద్దాడి పేరు వాళ్ల లిపిలో రాసిచ్చింది. వాడు మనబడి తెలుగు క్లాసుల్లో నేర్చుకున్న అక్షరాలతో ఆమె పేరు తెలుగులో రాసిచ్చాడు. ఒక దీర్ఘం ఎక్కువైంది. ఆమెకి చెప్పలేదు.

టికెట్టే అక్కర్లేనివి కూడా ఉన్నాయని చాలామందికి తెలియదు. డిస్నీ హోటల్లో దిగినప్పుడు ఆ రోజు పిల్లల కార్యక్రమాలేమిటని అడగాలి. ఈతకొలను దగ్గర ఆటలు, చొక్కాలకి రంగులద్దడం, రాత్రి ఆరుబయట సినిమా, ఇలా హోటల్ని బట్టి ఉంటాయి. రంగుల చొక్కాకి డబ్బు తీసుకుంటారు, చాలావాటికి తీసుకోరు. ఫోర్ట్ వైల్డర్‌నెస్ అని 1971లోనే మొదలైన క్యాంపు ఉంది. అక్కడ సాయంత్రం చలిమంట వేసి పాటలు పాడిస్తారు, చిప్, డేల్ అనే ఉడతలు వచ్చి పిల్లలతో గంతులేస్తాయి, ఆ తర్వాత సినిమా. వేరే చోట దిగినవాళ్లూ వెళ్లొచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు నుంచి పడవుంది. "ఇంకా రెండు రైడ్లున్నాయి, ఇప్పుడు బయటికెళ్తే టికెట్టు వేస్టు కదా అత్తయ్యగారూ" అని అల్లుడు నసిగాడు. మా అమ్మాయి అప్పటికే చెప్పులు విప్పి అరికాళ్లు చూసుకుంటోంది. పడవ ఎక్కాం.

శాకాహారులకి ఒక మాట. చలిమంట దగ్గర పుల్లకి గుచ్చి కాల్చుకునే మార్ష్‌మాలోల్లో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. జెలటిన్ లేనివి అమెరికా దుకాణాల్లో దొరుకుతాయి, ముందే కొని సంచీలో వేసుకోవాలి. మంట దగ్గరికెళ్లాక పిల్లని వద్దనడం కంటే అది నయం. కాలిన మార్ష్‌మాలోని చాక్లెట్ ముక్కతో కలిపి రెండు బిస్కెట్ల మధ్య నొక్కి తినాలి. జుట్టుకి అంటితే సబ్బుకీ వదలదు.

చీకటిపడ్డాక మేం పడవలో దాటిన చెరువు మీద దీపాల పడవల ఊరేగింపు వస్తుంది. 14 బల్లకట్లు, వాటి మీద పాము, తిమింగలం, తాబేలు ఆకారాల్లో దీపాలు. 1971 నుంచీ ఉన్నదే, ఒడ్డున నిలబడితే చాలు. అలాగే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి అనే హోటల్లో గది తీసుకోకపోయినా లోపలికెళ్లి జిరాఫీల్ని చూడొచ్చు. అక్కడ సనా అనే హోటల్లో నానూ, పచ్చళ్లూ పెడతారు. అందులో కారం అని వాళ్లు హెచ్చరించింది మన లెక్కలో కారం కాదు.

వేసవిలో వెళ్లేవాళ్లు మధ్యాహ్నాలు మాత్రం ఖాళీగా ఉంచుకోండి. దాదాపు రోజూ ఉరుముతుంది. పిడుగుల భయముంటే ఈతకొలను ఖాళీ చేయిస్తారు, పడవలు ఆపేస్తారు, చలిమంట కూడా ఉండదు. అప్పుడు హోటల్ లాబీలో దాక్కున్న మిక్కీల్ని వెతికించండి. మూడు గుండ్రాలు కలిసి మిక్కీ తలలా కనిపించే గుర్తుల్ని కట్టినవాళ్లే తివాచీల్లో, గోడల్లో కావాలని దాచిపెట్టారు. మా పెద్దాడు తివాచీ మీద బోర్లా పడుకుని వెతుకుతుంటే, ఎక్సెల్ షీటు పక్కనపెట్టి మా అల్లుడు కూడా వాడి పక్కన చేరాడు. ఎవరికి ముందు కనపడిందన్న దాని మీద తండ్రీకొడుకులకి ఇంకా తగువు తేలలేదు.