రంగు చేసే పని: గోదావరికి ఇరువైపులా వీరుల చిన్న బొమ్మలు

బస్తర్ ప్రాంతపు నైరుతి అంచున, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్న భోపాల్‌పట్నం రెండు జాతీయ రహదారులకు కూడలి. హైదరాబాద్, వరంగల్, ములుగు మీదుగా గోదావరి దాటి వచ్చే 163వ నంబరు రహదారి, నిజామాబాద్, మంచిర్యాల, సిరొంచల మీదుగా వచ్చి బీజాపూర్, జగదల్‌పూర్‌ల వైపు సాగే 63వ నంబరు రహదారి ఈ చోటనే కలుసుకుంటాయి. ఇక్కడికి దక్షిణాన భద్రకాళి గ్రామం వద్ద ఇంద్రావతి గోదావరిలో చేరుతుంది. తెలుగు, గోండి, హల్బీ, దోర్లీ మాటలు ఒకే సంతలో వినిపించే ఈ సరిహద్దు సీమ రెండు బొమ్మల సంప్రదాయాల నడుమ కూడా ఉంది. జగదల్‌పూర్ దాటి కొండగావ్ వైపు పోతే గుర్రమెక్కిన వీరుణ్ణి రంగు అనేదే తగలకుండా ఇత్తడిలో పోతపోసే గఢ్వాలు కనిపిస్తారు. గోదావరి దాటి జనగామ సమీపంలోని చేర్యాలకు పోతే అలాంటి వీరుణ్ణే మెత్తని కర్రలో ముతకగా చెక్కి, అతని పేరూ పరాక్రమమూ మొత్తం కుంచెతోనే పలికించే నకాషీ చిత్రకారులు కనిపిస్తారు.

ఈ రెంటి మధ్య తేడా ప్రాంతాల అభిరుచుల తేడా మాత్రమే అనుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. చేతిలో ఇమిడే బొమ్మలో వీరుణ్ణి చూపాలనుకున్న ప్రతి శిల్పికీ ఒకటే చిక్కు ఎదురవుతుంది: ముఖమూ ఆయుధమూ వస్త్రమూ ఆభరణమూ అంత కొద్ది చోటులో ఉన్నా దూరాన కూర్చున్నవారికి విడివిడిగా తెలియాలి. ఆ వివరాన్ని రూపంలో పెట్టాలా, రంగులో పెట్టాలా అన్న ప్రశ్నకు బస్తర్ ఒక జవాబు చెప్పింది, తెలంగాణ మరొకటి చెప్పింది. ఐరోపాలో పుట్టి నేడు ప్రపంచమంతటా వ్యాపించిన యుద్ధక్రీడల బొమ్మలు, అంటే వార్‌గేమ్ మినియేచర్లు, ఈ రెండు జవాబులనూ కలిపి మూడోది చెప్పాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు రంగు చేసే పని ఏమిటో స్పష్టమవుతుంది.

యుద్ధక్రీడ అంటే బల్లపైన కొండలు, వాగులు, ఊళ్లు అమర్చి, నియమాల ప్రకారం సేనలను నడిపి, పాచికలతో గెలుపోటములు తేల్చే ఆట. చతురంగ బలాలను గళ్ల పలకపై నడిపే చదరంగం దీనికి పూర్వరూపమే అయినా, ఆధునిక రూపం ప్రష్యాలో మొదలైంది. అక్కడ 1812లో రైస్విట్జ్ అనే అధికారి రాజుకు చూపిన యుద్ధపు బల్లను, 1824లో ఆయన కుమారుడు సైనికాధికారుల శిక్షణకు నియమావళిగా ప్రకటించాడు. ఆ ఆటలో సేనలు ఎరుపు, నీలం రంగుల చిన్న దిమ్మలు మాత్రమే. ఏ దిమ్మ ఎవరి పక్షమో చెప్పడంతో రంగు పని ముగిసేది. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ సీసపు సైనికులను లోపల డొల్లగా పోతపోసి, రంగు వేసి, చవకగా అమ్మడం ప్రారంభించాక మనిషి ఆకారపు సైనికులు ఎక్కువమందికి అందుబాటులోకి వచ్చాయి. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అన్న పుస్తకంలో ఆ సైనికులతో ఇంటి నేలపై ఆడే ఆటకు నియమాలు రాశాడు. 1983లో వెలువడిన ‘వార్‌హామర్’ తరవాత రంగు వేయడమే ఆటతో సమానమైన కళగా ఎదిగింది. నేడు విరివిగా వాడే బొమ్మల్లో మనిషి ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి పొడవుకన్నా తక్కువ.

అంత చిన్న బొమ్మకు రంగు వేసే పద్ధతి వెనుక ఒక కాంతి సూత్రం ఉంది. నిజమైన మనిషి వస్త్రపు మడతల్లో నీడ చిక్కగా పడుతుంది. బొమ్మలో ఆ మడత లోతు వెంట్రుకవాసి మాత్రమే కావడంతో, గదిలోని వెలుతురు అన్ని వైపుల నుంచీ కమ్ముకొని నీడను పలచబరుస్తుంది. అందువల్ల చిత్రకారుడు సహజంగా పడని నీడను తానే గీయాలి. మొదట ప్రైమర్ అనే పట్టుపూత వేసి, ఆపైన నీళ్లతో పలచన చేసిన మూలవర్ణాన్ని ఒకటికి రెండు పొరలుగా వేస్తారు. ఒకేసారి చిక్కగా వేస్తే పోతలోని సన్నని గీతలు పూడిపోతాయి. తరవాత ‘వాష్’ అనే పలుచని ముదురు ద్రవాన్ని పారిస్తే అది పల్లాల్లోకి జారి నిలిచి నీడ అవుతుంది. ఆపైన కుంచెకు రంగు అద్ది, దాదాపు పూర్తిగా తుడిచి, ఆ పొడి కుంచెను బొమ్మపై తేలికగా ఆడిస్తే మెరకలకు మాత్రమే లేతరంగు అంటుకొని వెలుగు అవుతుంది. దీన్నే ‘డ్రై బ్రష్’ అంటారు. పల్లానికి చీకటి, మెరకకు వెలుగు ఇవ్వడమే ఈ విద్య సారాంశం, తక్కినదంతా ఓపిక.

బస్తర్ గఢ్వాలు ఇదే ఫలితాన్ని రంగు లేకుండా సాధించడం గమనించదగిన విషయం. వారి పని మైనపు పోత, అంటే మైనంతో చేసిన రూపాన్ని మట్టిలో పొదిగి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహాన్ని నింపే పద్ధతి; మొహెంజదారోలో దొరికిన పదిన్నర సెంటీమీటర్ల నర్తకి బొమ్మ కూడా ఈ పద్ధతిలో పోసినదే. ముందుగా మట్టిలో ఊకా పేడా కలిపి గుర్రం, రౌతు ఆకారాన్ని ముతకగా చేసి ఎండబెట్టి, మెత్తని మట్టితో నునుపు చేస్తారు. తేనెమైనాన్ని చెట్టు బంకతో కలిపి కాచి వడగట్టి, జంతికల గొట్టంలో పిండి వత్తినట్టు వత్తితే సన్నని మైనపు దారాలు దిగుతాయి. ఆ దారాలను గుర్రం ఒంటినిండా వరసగా చుట్టి, వాటితోనే కళ్లెం, జూలు, రౌతు తలపాగా, కంఠహారం, కంటి రెప్పలు కూడా అతికిస్తారు. దానిపై మెత్తని మట్టి, ఆపైన గట్టి మట్టి పూసి, లోహానికి దారి విడిచి, కొలిమిలో కాలుస్తారు. మైనం పోయిన చోట కరిగిన ఇత్తడి నిండుతుంది. అచ్చు పగలగొట్టాకే బొమ్మ బయటికి వస్తుంది కనుక ప్రతి బొమ్మకూ కొత్త అచ్చే కావాలి, ఏ రెండు బొమ్మలూ ఒక్కలా ఉండవు.

పోత ముగిశాక చేసే పనిలో అసలు సంగతి ఉంది. అచ్చులోంచి వచ్చిన బొమ్మను ఆకురాయితో రాకి, తీగల కుంచెతో రుద్దినప్పుడు దారాల మెరకలు మెరుగెక్కి పసిమి రంగు తేలుతాయి. దారానికీ దారానికీ నడుమనున్న సందుల్లో మాత్రం కాలిన మసి, మట్టి ఛాయ నిలిచిపోతాయి. అంటే వార్‌గేమ్ చిత్రకారుడు వాష్‌తోనూ పొడి కుంచెతోనూ చేసేదాన్ని ఇక్కడ నిప్పూ రాపిడీ చేసిపెడతాయి. గ్రామ పొలిమేర కాచే రావ్ దేవుడు గుర్రంపై కూర్చున్న ఈ చిన్న బొమ్మ మసకవెలుగు గుడిలో కూడా గీత గీతగా కనిపించడానికి కారణం ఇదే. కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ వంటి శిల్పుల చేతిలో ఈ విద్య ప్రదర్శనశాలలకు చేరినప్పుడు దాన్ని ‘ఆదిమ కళ’ అని పిలిచినవారు ఉన్నారు. వెలుతురు లెక్క ఇంత కచ్చితంగా తెలిసిన పనికి ఆ పేరు ఏమాత్రం తగదు. ఆదిలాబాద్ సీమలో ఓజులు చేసే పోతబొమ్మలదీ ఇదే కుటుంబం.

చేర్యాల నకాషీలది సరిగ్గా తిరగేసిన దారి. వారి పటచిత్రాలకు లోకంలో పేరు ఎక్కువ గానీ, యుద్ధకథల దృష్టితో చూస్తే వారు మందహెచ్చుల కోసం చేసిన బొమ్మల వరసలు అంతకన్నా విలువైనవి. మందహెచ్చులు యాదవుల ఆశ్రితులైన కథకులు; ఆ యాదవుల వీరుడైన కాటమరాజు కథను బొమ్మలు నిలబెట్టి చెబుతారు. పశువుల మేతకు పుల్లరి చెల్లించే విషయంలో కాటమరాజుకూ నెల్లూరి పాలకుడు నల్లసిద్ధికీ తగవు ముదిరి, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి పోరుగా పరిణమించిన కథ అది. కవి తిక్కనకు దాయాది సోదరుడైన ఖడ్గతిక్కన నెల్లూరి పక్షాన పోరాడి మరణించింది అందులోనే. కథలో ఎవరి ప్రస్తావన వస్తే వారి బొమ్మను కథకుడు ముందుకు తెస్తాడు. నియమాలూ పాచికలూ లేకపోయినా, రంగు వేసిన చిన్న వీరులను నిలిపి ఒక యుద్ధాన్ని జనం ముందు తిరిగి నడిపించే పని తెలుగు నేలపై ఇంత నిండుగా మరెక్కడా కనిపించదు.

ఈ బొమ్మలకు వాడే తెల్ల పొనికి చాలా తేలికైన, మెత్తని కర్ర. అది ఉలికి సులభంగా లొంగుతుంది గానీ కంటిరెప్ప వంటి సన్నని గీతను నిలుపుకోలేదు. అందుకే కర్రలో దేహపు ముద్ద మాత్రమే చెక్కి, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముక్కు, చెవులు, భుజాలు దిద్దుతారు. సుద్దపూత పట్టించి ఆరబెట్టి నునుపు చేస్తారు. ప్రైమర్ చేసే పనినే ఈ సుద్ద చేస్తుంది: కర్ర రంగును పీల్చకుండా ఆపుతుంది, పైన వేసే వర్ణానికి అడుగునుంచి తెలుపు వెలుగునిస్తుంది. సంప్రదాయంలో ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు, నలుపుకు దీపపు మసి వాడి, వాటిని చెట్టు బంకతో కలిపి ఉడుత వెంట్రుకల కుంచెతో వేసేవారు. నీడ గీయడం ఇందులో లేదు. నిండు వర్ణాన్ని చదునుగా వేసి, దాని అంచున నల్లని గీత లాగుతారు. దేవతలకు ఒక మేని రంగు, మానవులకు ఒకటి, రాక్షసులకు మరొకటి ఉండటంతో పేరు వినకముందే చూపరికి పాత్ర తెలిసిపోతుంది. రాత్రివేళ దీపాల వెలుగులో, గుంపు వెనుక వరసలో కూర్చున్నవాడికి సున్నితమైన ఛాయలు అందవు, నల్లగీత అందుతుంది. చదును రంగును నైపుణ్యలోపంగా చూసేవారు ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. కన్ను దిద్దడం చివరి పని, పటమైనా బొమ్మైనా అప్పటితోనే అది పూజకు అర్హమైన మూర్తి అవుతుందని నమ్మకం.

కృష్ణా తీరంలోని కొండపల్లి బొమ్మ కూడా పొనికి కర్రే, మక్కు అనే అదే చింతగింజల ముద్దే. అంబారీ ఏనుగు, దశావతారాలు దాని ప్రసిద్ధ రూపాలు. అయితే అది దసరా, సంక్రాంతి కొలువుల్లో దగ్గరగా చూసే బొమ్మ కనుక నల్లగీత సన్నబడి, అంబారీ గుడ్డపై చుక్కలూ పూలూ పెరిగాయి.

రంగు పనికి కాలం కూడా ఉంది, దాన్ని తడి నిర్ణయిస్తుంది. వానకాలపు గాలిలో సుద్దపూత త్వరగా ఆరదు, ఆరకముందే మరో పొర వేస్తే పగుళ్లు చూపుతుంది, చింతగింజల జిగురు బూజు పడుతుంది. ఇంగ్లండులో సీసపు సైనికుడిపై ప్రైమర్ చల్లేవాడికీ తేమ ఇదే ఇబ్బంది పెడుతుంది. పూత పొడిపొడిగా తెల్లబడి గీతలను కమ్మేస్తుంది. పని ఎన్నాళ్లు సాగుతుందో తడి చేతిలోనే ఉంది కనుక, ఒక రంగుల కాలాన్ని వెనుదిరిగి చూసేటప్పుడు ఎన్ని బొమ్మలు ముగిశాయని లెక్కించడంకన్నా, వరసలోని మొదటి బొమ్మకూ చివరి బొమ్మకూ చేతిలో వచ్చిన మార్పు చూడటం సరైన కొలత. ఒకే రంగును వరస మొత్తానికి వేసి, తరవాతి రంగుకు పోవడం నకాషీల ఇంట్లోనూ వార్‌గేమ్ బల్లపైనా కనిపించే అలవాటు. దీనివల్ల రంగు చెడిపోకపోవడమే కాక, ఒకే గీతను వరసగా గీసి గీసి చెయ్యి కుదురుకుంటుంది, సేనంతా ఒక్క చేతి పనిగా కనిపిస్తుంది.

రంగు పాతబడ్డాక ఏం చేయాలన్న ప్రశ్నే నేటి కష్టం. బస్తర్ ఇత్తడి బొమ్మకు ఈ బాధ లేదు, మళ్లీ రుద్దితే మెరుస్తుంది. రంగు బొమ్మ అలా కాదు. బ్రిటన్ సంస్థ పాత సైనికులను సేకరించేవారు అసలు పూత చెరగకుండా ఉంటేనే విలువ ఇస్తారు. ఆడేవారు మాత్రం పాత రంగును కడిగేసి తమ సేనకు తగిన కొత్త రంగు వేసుకుంటారు. మందహెచ్చుల సంప్రదాయం ఆడేవారి పక్షాన ఉంటుంది: కథ చెప్పే బొమ్మ వన్నె తగ్గకూడదు, శిథిలమైన పటాన్ని పూజచేసి నీటిలో కలిపి కొత్తది రాయించుకోవడం పటం చూపి కథ చెప్పేవారికీ ఆచారమే. ప్రదర్శనశాలలు సేకరించేవారి పక్షాన నిలిచి, ఒక్క గీతనూ తాకవద్దంటాయి. కథ ఇంకా నడుస్తున్న చోట బొమ్మకు మళ్లీ రంగు వేయడమే న్యాయం. అయితే కొత్త పూతకు ముందు పాత పూతలోని వర్ణక్రమాన్నీ, కన్నూ మీసమూ దిద్దిన తీరునూ ఛాయాచిత్రాల్లో, నకలు పటాల్లో నకాషీలతోనే నమోదు చేయించాలి, ఎందుకంటే ఆ వరసలో ఏ వీరుడికి ఏ రంగో చెప్పగలిగినవారు ఇప్పుడు కొద్ది కుటుంబాల్లోనే ఉన్నారు.