విష్ణుచిత్తుని వంటయిల్లు

ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుఁడు శ్రీవిల్లిపుత్తూరున భాగవతులకు భోజనములు పెట్టు తీరును శ్రీకృష్ణదేవరాయలు వానకాలమునకు, వేసవికి, చలికాలమునకు వేఱువేఱుగా వర్ణించెను. ఈ పద్యములు పండితులకుఁ గంఠస్థములే. అయినను వీనికి మనము చేయు వ్యాఖ్యానము కొఱఁతపడియున్నదని నా యభిప్రాయము. వరుగు శాకవిశేషము, వడియము భక్ష్యవిశేషము అని యర్థము వ్రాసి, స్వభావోక్తియని పేరిడి, ముందునకు సాగుదుము. ఎఱుఁగనిదానిని గప్పిపుచ్చుటకు 'విశేష'శబ్దమువంటి దుప్పటి టీకాకారునకు మఱియొకటి లేదు. నేనును చిరకాల మట్లే పాఠము చెప్పితిని.

వేసవిలో నులివెచ్చని యన్నము, తియ్యని చారు, చెఱకురసము, ఎడనీళ్లు, నీరుచల్ల. చలికాలమునఁ గమ్మని తావిగల యన్నము, మిరియపుఁబొడి చల్లిన వేఁడికూరలు, ముక్కున కెక్కు నావపచ్చడి, కాఁగిన నేయి. వానకాలమునఁ గలమాన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'యందు సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ కావ్యమును ఆనాఁటి జనజీవనమునకు సాక్ష్యముగాఁ గైకొనిరి. అది యుచితమే. కాని సాక్ష్యముగాఁ జదువుట వేఱు, కావ్యముగాఁ జదువుట వేఱు.

మా యింట ముగ్గు రన్నదమ్ముల సంసారము లొక్కపొయ్యిమీఁద నడచిన దినములలోఁ బూఁటకు ఇరువది విస్తళ్లకుఁ దక్కువ లేచెడివి కావు. ఒకనాఁడు వానకాలపుఁ బద్యమును వసారాలో విద్యార్థులకుఁ జెప్పుచుండఁగా, లోపల కూర తఱుగుచున్న మా పెద్దకోడలు, "మామగారూ, ఆ వరుగు లెండినది వానలోనా?" యని యడిగెను. విద్యార్థులు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. కూరగాయను దఱిగి యెండించినది వరుగు. పిండినో గుమ్మడికాయ కోరునో కలిపిపెట్టి యెండించినది వడియము. రెంటికిని మండువేసవి కావలయును. మిద్దెపైఁ జాఁపలు పఱచి, కాకులఁ దోలుటకుఁ బిల్లలను గావలియుంచి, సాయంకాల మెత్తి కుండలలో దాఁచిన చేతుల శ్రమ యంతయు వానకాలపు విస్తరిలోనికి వచ్చినది. పద్యమునఁ జెప్పఁబడినది భోజనము, తోఁచునది సంవత్సరము.

ఇచటఁ బూర్వపక్ష మొకటి కలదు. విష్ణుచిత్తుఁడు పరమభక్తుఁడు, అతని యింటి సమృద్ధి భగవత్ప్రసాదము, దానియందు గృహిణుల శ్రమను వెదకు టేల? అని. సమాధాన మిది. సూత్రమున వ్యర్థముగాఁ దోఁచిన పదము చెప్పని యర్థ మొకదానిని దెలుపునని వైయాకరణులు జ్ఞాపకమను నుపాయము నంగీకరింతురు. భగవంతుఁడే సమస్తము సమకూర్చు నింట వానకాలమునను దాజాకూరలే లభింపవలదా? వరుగుతోఁ బనియేమి? కావున వరుగుశబ్దమే ముందుచూపుగల గృహనిర్వాహమునకు జ్ఞాపకము.

ఇంతకంటె బలమైన ప్రమాణము పద్యారంభముననే కలదు. చినుకు తెగని యా దినములలో భార్య కంటఁ బొగ సోఁకకుండునట్లు కొబ్బరికాయ బొఱియలు పొయ్యిలోఁ బెట్టి వండుటను గవి చెప్పినాఁడు. ఈ మాటను మనము ఇంధనవర్ణనముగా దాఁటివేయుదుము. చతుర్థాశ్వాసములోని వర్షవర్ణనముతో దీనిని జతపఱచి చూడుఁడు. అచట నిల్లాండ్రు నిప్పుకొఱ కిల్లిల్లు దిరుగుదురు. దొరకినను బొయ్యి రాజదు, పొగ విడువదు. అదే వాన, అదే కవి. ఒకయింట నిప్పే కఱవు, ఒకయింట నతిథిపంక్తి. నడుమనున్న భేదము ముందుగా దాఁచిన పొడి బొఱియలు.

పెద్దన మనుచరిత్రమునఁ బ్రవరుని గృహిణిని, వేవురు వచ్చినను వండి యలయని యన్నపూర్ణగాఁ గీర్తించెను. పద్యము రమ్యము, సందేహము లేదు. కాని యలయనిదానికి జాలిపడువాఁ డెవఁడు? స్తుతి శ్రమను గప్పివేసినది. రాయలు విష్ణుచిత్తుని భార్యను దేవతఁ జేయలేదు. ఆమెకుఁ గన్ను లున్నవనియు, పొగకు మండుననియు నెఱిఁగినాఁడు. 1509 మొదలు 1529 వఱకు సామ్రాజ్య మేలిన ప్రభువు వంటయింటి పొగను దలఁచుట సామాన్యము కాదు. ఈ యొక్కపట్టునఁ బెద్దనకంటె రాయలకే నేను బ్రథమతాంబూల మిత్తును. అయినను రాయలయందును లోప మున్నది: మిద్దెపై నెండిన చేతులను మనమే యూహింపవలయును.

ఒక్కపొయ్యి సంసారములు తఱిఁగిపోయినవి. మా యన్నదమ్ములమును వేఱుపడితిమి. వరుగును జేసి యెఱిఁగినవారు వృద్ధులైరి. వారితోడ నీ శబ్దముల యర్థములు పోయినచో మన టీకలలో 'విశేషము' మాత్రమే మిగులును. కావున ఉపాధ్యాయులకు నా విన్నప మొక్కటి. ఈ పద్యములను జెప్పుటకు ముందు నిఘంటువును జూచిన పిదప వంటయింటిలోనికిఁ బోయి యడుగుఁడు; విన్నదానిని టీకలోఁ జేర్పుఁడు. మా పెద్దకోడలి ప్రశ్నకు విద్యార్థులయెదుట నానాఁడు నేను బదులు చెప్పలేదు. ఈ వ్యాసమే యా బదులు.