ఉన్మత్తశాలల లేఖ్యములు – పూర్వపురుష నిర్ణయము

కృష్ణా మండలపు వంశవృక్షములను పరిశీలించువారికి అప్పుడప్పుడొక కొమ్మ నడుమ తెగియుండుట కానవచ్చును. అన్నదమ్ములు నలుగురిలో మువ్వురకు సంతతియు మరణతిథియు వ్రాయబడి, నాల్గవవానికి 'దేశాంతరగతుడు' అను మాట యొక్కటే యుండును. ఆ మాట వెనుక కాశీయాత్ర యుండవచ్చును. రంగూను ఓడ యుండవచ్చును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచి సుమారు ముప్పదివేలమందిని బలిగొన్న యుప్పెన యుండవచ్చును. ఒక్కొక్కయెడ ఉన్మత్తశాలయు నుండవచ్చును. కులమునకు మచ్చ యని పెద్దలు దాచిన యీ కడపటి మార్గమును లేఖ్యములలో వెదకుట శ్లాఘ్యమే. కాని యా లేఖ్యములను చదువు పద్ధతి విమర్శకు లోబడవలసియున్నది.

చెన్నరాజధానిలో నీ శాలలకు శాసనాధారము 1858 సంవత్సరపు 36వ చట్టము. దిక్కులేక తిరుగు నున్మత్తుని పోలీసువారు మేజిస్ట్రేటు నెదుట నిలుపుదురు. వైద్యుడు పరీక్షించి యోగ్యతాపత్రము వ్రాయును. మేజిస్ట్రేటు ఉత్తర్వుతో నతడు శాలకు చేరును. చెన్నపురి కీల్పాకములో 1871లో నూతనశాల తెఱవబడినది. వాల్తేరులో మఱియొక శాల యుండెను. కావున బెజవాడ ప్రాంతపువానికై యొక్కచోట వెదకి లేడని తీర్మానింపరాదు. ఈ శాలల వార్షిక నివేదికలను స్కాట్లండు జాతీయ గ్రంథాలయమువారు అంతర్జాలమున నెల్లరకు అందుబాటులో నుంచినారు. పరిశోధకుల తొలి పొరపాటు ఇచ్చటనే కలుగుచున్నది. నివేదిక మతము, లింగము, వృత్తి, రోగము, కారణము అను శీర్షికల క్రింద మనుష్యులను లెక్కించును, పేరు చెప్పదు. పేరు ఉత్తర్వులలోను, రోగుల చిట్టాలలోను ఉండును. నివేదిక యందలి సంఖ్యలో తన తాతను చూచితిననుట, జనాభా లెక్కలో తన యింటిని చూచితిననుటతో సమానము.

రెండవ చిక్కు స్థలనామము. 'కిష్ట్నా జిల్లా' అని యున్నంత మాత్రమున నేటి కృష్ణాజిల్లా యని తలపరాదు. 1859లో బందరు, గుంటూరు మండలములు కలిసి కృష్ణా జిల్లా యయ్యెను. 1904లో గుంటూరు విడివడెను. అప్పుడే యేలూరు, భీమవరము, నరసాపురము మున్నగు తాలూకాలు గోదావరి నుండి కృష్ణలో చేరి, 1925 వఱకు నందుండెను. కనుక 1890లో 'కిష్ట్నా' వాడు తెనాలివాడు కావచ్చును. 1910లో నరసాపురమువాడు కావచ్చును. లేఖ్యపు సంవత్సరము తెలియనిదే ఊరు తెలియదు.

మూడవది వ్యక్తినామము. మనలో తాతపేరు మనుమనికి వచ్చుట ఆచారము. అందుచేత నొకే వెంకయ్య ముప్పదియేండ్ల యెడముతో రెండుమార్లు పుట్టును. ఇంటిపేరు ఇంగ్లీషు లేఖకుని చేతిలో నొక పొడియక్షరముగా మిగులును, లేదా జారిపోవును. తాళపత్రప్రతులను పరిష్కరించు పండితులకు ఈ దోషములు క్రొత్తవి కావు. లేఖకప్రమాదమును, పాఠాంతరమును, ప్రక్షిప్తమును వేఱుపఱచి, పలుప్రతులు ఏకీభవించిన పాఠమునే గ్రహించుట వారి నియమము. ఇచ్చటను అదియే వర్తింపవలయును. ఇంటిపేరు, గ్రామము, వయస్సు, భార్య పేరు లేక తండ్రి పేరు – వీనిలో మూడైనను శాలకు వెలుపలి లేఖ్యముతో సరిపోవలెను. 1858లో నేర్పడిన ఇనాము కమిషనువారి రిజిస్టరులలో ఇనాముదారుల పేర్లును వయస్సులును గలవు. భూమిగల కుటుంబములకు అది మంచి సాక్షి.

నాల్గవది మిక్కిలి ముఖ్యము: లేఖ్యములో మాటలాడువారెవరు? 1912 సంవత్సరపు చట్టము క్రింది వైద్యపత్రమున రెండు భాగములు గలవు – వైద్యుడు స్వయముగా గమనించినది యొకటి, ఇతరులు చెప్పగా విన్నది మఱియొకటి. ఈ రెంటిని కలిపి చదువుట ప్రత్యక్షమును శబ్దమును ఒక్కటే ప్రమాణమనుట వంటిది. ఇక 'కారణము' అను గడి సంగతి చెప్పనక్కఱలేదు. 1893–94లో విచారించిన గంజాయి కమిషనువారు, 1892లో శాలలలో చేరినవారిలో గంజాయి మూలమున వెఱ్ఱియెత్తినట్లు వ్రాయబడిన 222 మందిని గూర్చి మరల దర్యాప్తు చేసిరి. 98 మంది విషయముననే యా మాట నిలిచినది. సగముకంటె నెక్కువమందికి అంటిన పేరు విచారణకు నిలువలేదు. అట్టి గడిని జూచి 'మా ముత్తాత గంజాయికోరు' అని వ్రాయుట మృతునికి రెండవమారు శిక్ష విధించుటయే. లేఖ్యములో నతని చుట్టు ముగ్గురు నలుగురు మాటలాడుదురు. అతడు మాత్రము మాటలాడడు. ఈ మౌనమును మఱవక చదువుటయే యీ విమర్శకు మూలసూత్రము.

ఇంత నియమమేల యని కొందఱు అడుగవచ్చును. మనకిది కేవల కుతూహలము కాదు. పోయినవాడు తిరిగిరానిచో పండ్రెండేండ్లు నిరీక్షించి, పాలాశపత్రములతో ప్రతికృతి చేసి దహించు విధి గలదు. మరణతిథి తెలియనివానికి అమావాస్య నాడు శ్రాద్ధము పెట్టుదురు. శాల చిట్టాలో మరణదినము దొరకినచో పంచాంగగణితముతో తిథి తేలును. తరములుగా అమావాస్యనాటి తర్పణముతో సరిపెట్టుకొన్నవానికి తన తిథి లభించును. నిర్ణయము తప్పినచో నా తిథి యన్యునిది. మనవాడు మరల దిక్కులేనివాడగును. ఒక్క యక్షరపు పాఠభేదమునకు ఇంత ఫలము కావ్యములలో నైనను అరుదు.

దొరకిన దానినంతయు అచ్చువేయవచ్చునా యనునది కడపటి ప్రశ్న. ఇంగ్లండులో రోగుల లేఖ్యములను సామాన్యముగా నూఱేండ్లు మూసియుంచుదురు. మనదేశమున 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టము రోగి రహస్యమును హక్కుగా గుర్తించినది. బ్రదికియున్నవారి గౌరవమునకు లోపము రాని మేరకు పేరు, తిథి, చేరిన స్థలము వంశావళి కెక్కింపదగును. రోగనామమును ఎక్కింప నక్కఱలేదు. ఎక్కించినచో నది యెవరి మాటయో చెప్పి యెక్కింపవలయును. 'దేశాంతరగతుడు' అని పెద్దలు వ్రాసిన మాట సిగ్గుచే వ్రాసినదైనను పూర్తిగ నబద్ధము కాదు: ఊరును, భాషయు, ఇంటిపేరును విడిచి పోయినవానికి ఆ శాల దేశాంతరమే. ఆ మాటను కొట్టివేయక, దాని ప్రక్కన స్థలమును తిథిని చేర్చుటయే సంశోధకుని ధర్మము.