బంతికి గాలి ఎవరు కొట్టాలి?

పిల్లలకు ఆటలు నేర్పేవాళ్లం కదా, పోటీలు జరిగే నెలకన్నా ఆ తర్వాతి నెల మీదే మాకు బెంగ. ముగ్గుపిండితో కబడ్డీ కోర్టు గీయడం ఎంతసేపు? రోజూ సాయంత్రం చెరిగిపోయిన గీతను మళ్లీ గీసే మనిషి దొరకడమే గగనం.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతపు ఆటల పోటీలు, బస్తర్ ఒలింపిక్స్ వార్త చదివినప్పుడల్లా గొల్లపల్లి లాంటి ఊళ్లు గుర్తొస్తాయి. తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లోని అడవి పల్లె. మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వా జుడుం రోజుల్లో ఆ చుట్టుపక్కల బళ్లే మూతపడ్డాయి, ఇక ఆటల పీరియడ్ ఎక్కడిది! అలాంటి ప్రాంతంలో 2024 నవంబరులో బ్లాకు స్థాయి పోటీలు మొదలుపెట్టి, డిసెంబరులో జగదల్‌పూర్‌లో ముగించారు. ఏడు జిల్లాల నుంచి సుమారు 1.65 లక్షల మంది పేర్లిచ్చారు. మరుసటి ఏడు 3.9 లక్షలు. లొంగిపోయిన మావోయిస్టులూ బరిలో దిగారు.

నాకు నచ్చింది జగదల్‌పూర్ ముగింపు సభ కాదు, ఆ బ్లాకు పోటీ. పెద్ద వేదికలు మనమూ చూశాం. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాద్‌లో జరిగాయి. గచ్చిబౌలిలో స్టేడియం లేచింది. ఆ ప్రాంగణంలోని పెద్ద భవనం 2020లో కరోనా ఆసుపత్రి అయింది. ఆపదలో అక్కరకొచ్చింది, తప్పుపట్టను. కానీ ఏజెన్సీ పిల్ల అంతదూరం రావాలంటే ముందు ఆమె పరుగు ఎవరి కంటనైనా పడాలి.

కంటపడితే సరిపోతుందా? విలువిద్యే తీసుకోండి. బస్తర్ పిల్లలకు వెదురు విల్లు కొత్త కాదు. ఒలింపిక్స్‌లో మాత్రం రికర్వ్ విల్లు, 70 మీటర్ల దూరంలో గురి. రాజస్థాన్ గిరిజన కుర్రాడు లింబారాం కూడా వెదురు విల్లుతోనే మొదలుపెట్టాడు. 1987లో ఎంపిక చేసినవాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికి పంపలేదు, శిక్షణలో పెట్టారు. మరుసటి ఏడే సియోల్ ఒలింపిక్స్‌లో ఆడాడు.

2030లో అహ్మదాబాద్‌లో కామన్వెల్త్ క్రీడలు. కోట్లు ఎలాగూ ఖర్చవుతాయి. అందులోంచి బస్తర్‌లోని కోంటా లాంటి బ్లాకుకు ఏడాది పొడవునా ఒక కోచ్ జీతం విడిగా రాసిపెట్టమంటాను. వాలీబాల్‌తో పాటు గాలి పంపు, దాని సూది కూడా. (బంతులు పంచే పెద్దలకు ఈ సూది ఎప్పుడూ గుర్తుండదు.) సూది పోతే మళ్లీ కొనడానికి ఆ కోచ్ చేతిలో నాలుగు రూపాయలుండాలి, దానికి కలెక్టరేట్‌కు అర్జీ పెట్టుకునే పని ఉండకూడదు.