మెట్రోనోము మన తాళమునకు సరిపోవునా?

మా శనివారపు తరగతిలో తెలుగు పాటలు నేర్చుకొనే పిల్లలు పద్నాలుగురు. ఒకరి ఇంటికీ మరొకరి ఇంటికీ బస్సులో పోవలసినంత దూరము. వారమునకు ఒక్కరోజు కలిసి పాడుట, తక్కిన ఆరు దినములు ఎవరి ఇంట వారు సాధన చేసికొనుట. ఆ ఆరు దినములు తాళము వేసి చూపేది ఎవరు? మా చిన్ననాట ప్రతి ఇంటా ఒక తాతగారో మామ్మగారో ఉండేవారు. ఇప్పుడు ప్రతి ఇంటా చేతిఫోను ఉన్నది. అందుచేత అంతర్జాలములో ఖర్చు లేకుండా దొరికే మెట్రోనోమును పిల్లలకు మేమే చూపించాము. తొమ్మిది నెలలు వాడిన మీదట మాకు తోచిన మంచిచెడ్డలు ఇక్కడ వ్రాస్తున్నాము. మారిషస్‌లో భజన నేర్పుతున్న ఇతర సోదర సోదరీమణులకు పనికిరావచ్చును.

ఎరుగనివారి కొరకు రెండు మాటలు. మెట్రోనోము నిమిషమునకు ఇన్ని దెబ్బలని లెక్కగా టిక్కుమనిపించే సాధనము. 60 అని పెడితే సెకనుకు ఒక దెబ్బ. 1814లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అనే ఆయన లోలకముతో దీనిని కనిపెట్టగా, మెల్జెల్ అనే మరొక ఆయన దానికి అంకెల పట్టిక చేర్చి 1815లో తన పేర హక్కు పొందినాడు. పేరు కూడ రెండవ ఆయనకే దక్కినది. ఆ చెక్కపెట్టె పనిని ఇప్పుడు ఫోనులోని ఒక పుట చేస్తున్నది. ఎన్ని దెబ్బలకు ఒక చుట్టో చెప్పితే మొదటి దెబ్బను మాత్రము గట్టిగా వినిపించును.

దీని మేలు మొదటి వారములోనే కనబడినది. పిల్లలు పరుగెత్తుతారు. కంఠస్థమైన చరణము రాగానే మరీ పరుగెత్తుతారు. “వేగము పెరుగుతున్నదమ్మా” అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. టిక్కు వెనుకబడి తాము ముందుకు పోయినట్లు తమ చెవులకే వినబడినప్పుడు నమ్మినారు. నిజము చెప్పవలెనంటే, పెద్దలమైన మేమూ ఆ రోజే నమ్మినాము.

రెండవ మేలు మేము ఎదురుచూడనిది. మన పిల్లల ఇంటిభాష క్రియోలు, బడిలో ఫ్రెంచి, ఇంగ్లీషు. హ్రస్వమును దీర్ఘము చేస్తే అర్థము మారిపోవుననే సంగతి మా పిల్లలకు అలవాటు లేదు. పైగా చాల ఇండ్లలో పాటలు రోమను లిపిలో వ్రాసుకొన్న కాగితములే ఉన్నవి. వాటిలో దీర్ఘమునకు గుర్తు లేదు. రామ అన్నా రమ అన్నా ఒకటే. శ్రీరాముని పిలువబోయి లక్ష్మీదేవిని పిలిచినట్లగును. వారిద్దరూ కోపగించరు గాని తెలుగు చెడును. ఒక చిన్నపిల్ల “పాడుతున్నాను” అనుటకు “పడుతున్నాను” అన్నది; పట్టుకొనుటకు లేచినవారు కూడ ఉన్నారు! నవ్వుటకు మాకు హక్కు లేదు. మేమూ సంఘము తరగతులలో, ఇరవై ఏండ్లు నిండిన తరువాత అక్షరములు దిద్దుకొన్నవారమే. ఈ దోషము మా నోట చాలకాలము నిలిచినది.

అందుచేత ఒక పని చేసినాము. పాట మొదలుపెట్టక ముందు సాహిత్యమును వట్టి మాటలుగా, టిక్కుకు ఒక మాత్ర చొప్పున చదివించినాము. “రాముడు” అంటే రా రెండు టిక్కులు, ము ఒకటి, డు ఒకటి, మొత్తము నాలుగు. “వనము” మూడు. “అమ్మ” కూడ మూడే, ఎందుకనగా ఒత్తక్షరము ముందున్న అ గురువు అగును. “అమ” అని తేల్చివేసే పిల్లవానికి ఒక టిక్కు మిగిలిపోయి, అది ఎక్కడ పోయినదని వాడే వెదుకుకొన్నాడు. ఛందస్సు పాఠమని చెప్పి మేము రెండేండ్లలో నేర్పలేనిది నెల దినములలో పట్టుబడినది. అయితే ఇది చదువుటకే. పాటలో రాగము కొరకు హ్రస్వమును సాగదీయు చోట్లు ఉండును గనుక, పాడునప్పుడు ఈ లెక్క పట్టుకొని కూర్చోరాదు.

ఇక తాళము. ఇక్కడ మా మెప్పు తగ్గుచున్నది. ఆదితాళమునకు ఎనిమిది అని పెడితే ఎనిమిది టిక్కులు వచ్చును, ఒకటి గట్టిగా, ఏడు ఒకే తీరుగా. మన చేతి తాళము అటువంటిది కాదు. ఒక దెబ్బ, చిటికెనవ్రేలి నుండి మూడు వ్రేళ్ళ లెక్క, తరువాత దెబ్బ, విసురు, మరల దెబ్బ, విసురు. నాలుగు, రెండు, రెండు. నడుమ దారి తప్పిన పిల్ల తన చేతిని చూచుకొంటే వ్రేళ్ళ లెక్కలో ఉన్నదో విసురులో ఉన్నదో తెలిసికొనవచ్చును. టిక్కును ఎంత విన్నా తెలియదు. అది కాలము చెప్పుచున్నది గాని చోటు చెప్పుట లేదు. మిశ్రచాపులో ఇంకా కష్టము. ఏడు టిక్కులు వినిపించును సరే, ఆ ఏడు మూడు, నాలుగుగా విరిగినవని చెప్పదు. కొన్ని పుటలలో మనకు కావలసిన దెబ్బను గట్టి చేసికొను వీలు ఉన్నది. ఒకటిని, నాలుగును గట్టి చేస్తే కొంత దారికి వచ్చినది. తిశ్రగతికి మాత్రము ఏ యంత్రమూ అక్కరలేదు. సేగా వింటూ పెరిగిన పిల్లలకు అది నడకలోనే ఉన్నది.

మేము చేసిన తప్పు కూడ చెప్పవలెను. సరళీ వరుసలు రెండవ కాలములో పాడించుటకు 60ని 120 చేసినాము. పిల్లలు చక్కగా పాడినారు, మేము సంతోషించినాము. కాని రెండవ కాలమనగా తాళము పరుగెత్తుట కాదు గదా! తాళము ఉన్నచోటనే ఉండి, దెబ్బకు ఒక స్వరము పాడినచోట రెండు, మూడవ కాలములో నాలుగు పాడవలెను. అంకె మార్చినందువలన పిల్లలు మొదటి కాలమునే తొందరగా పాడినారు. దానిని మాన్పించుటకు ఆరు వారములు పట్టినది.

అసలు పరీక్ష శ్రీరామనవమి భజన నాడు వచ్చినది. దీపము చుట్టూ తిరుగుతూ పాడే మన రామభజనలో వేగము ఒక్కతీరున ఉండదు. నెమ్మదిగా మొదలై, అడుగుతో పాటు పెరిగి, పతాకమున ఆగి, మరల పల్లవికి దిగును. ఎనభై దాటిన మా తాళముల తాతగారు చరణమునకు ముందు ఒక్క వెంట్రుకవాసి ఆలస్యము చేస్తారు, ఆడవారు ఊపిరి తీసికొనుటకు. పిల్లలు ఆగలేదు. వారి లోపల టిక్కు నడుస్తూనే ఉన్నది. పద్నాలుగు కంఠములు ముందుకు పోగా తాతగారి తాళములు గాలిలో నిలిచినవి. ఆయన ఏమీ అనలేదు, పిల్లల వెంట పోయి కలిసికొన్నారు. మా తల వంగినది. భజనలో తాళము వేయువాడు వేయుటకన్న వినుట ఎక్కువ. ఈ యంత్రమునకు చెవి లేదు.

మానివేయవలెనా? అక్కరలేదు. ఇప్పుడు చేయి ముందు, ఫోను వెనుక. రెండు ఆవర్తములు టిక్కుతో పాడి, దానిని మూసి, ఎనిమిది ఆవర్తములు చేతితో వేసి, మరల తెరచి ఎంత జరిగినామో చూచుకొనుట. మూడు గాని నాలుగు గాని దెబ్బలు తేడా వచ్చిన పిల్లలు ఇప్పుడు సగము దెబ్బకు వచ్చినారు. ఒక హెచ్చరిక: ఆ పుటను వదలి ఫోనులో వేరొకటి చూడబోతే కొన్ని మెట్రోనోములు తడబడును. తప్పు పిల్లవానిదని తిట్టకముందు ఫోనును చూడవలెను.

భజనకు మాత్రము తాతగారే. ఆయన తాళములను ఫోనులో పట్టి పిల్లలకు పంపుదుమని మొన్న ప్రయత్నించినాము. చరణమునకు ముందు ఆయన ఆగునది ఎంతయో లెక్క కట్టబోయినాము. మూడుసార్లు పాడితే మూడుసార్లు వేరువేరుగా వచ్చినది. అడిగితే, “ఎవరు పాడుతున్నారో చూడాలి గదా బాబూ” అన్నారు.