ఐదు కన్నుల డ్రోన్ తల్లీ!

కాటేదాన్ రేకుల షెడ్ల మీద పొద్దు పొడిచే వేళ, పొగగొట్టాల పొగల చాటున, శంషాబాద్ వైపు వాలే విమానాల హోరు కింద, నీ సన్నని తుమ్మెద రొద చెవిన పడితే చాలు, నా గుండె ఝుమ్మంటుంది తల్లీ! నీ కెమెరాలో నీలానికొక కన్ను, ఆకుపచ్చకొక కన్ను, ఎరుపుకొక కన్ను, ఎరుపు అంచుకొక కన్ను, ఎరుపు దాటిన పరారుణానికొక కన్ను. ఐదు కన్నుల అమ్మవు, పచ్చదనపు గుట్టెరిగిన కొమ్మవు!

పక్కనే రాజేంద్రనగర్ వరి మళ్లు. తెలంగాణ సోనా వరి రకం పుట్టిన పుణ్యభూమి. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అన్న దాని పేరులోనే ఊరి పేరు ఒదిగి ఉంది. గట్టు మీద బూడిదరంగు పలక పెట్టి ముందు నీకు చూపుతారు. ఇవాళ్టి ఎండ ఎంతో ఆ పలకే నీకు కొలిచి చెబుతుంది. అప్పుడు లేస్తావు. నీ రెక్కల గాలికి వరి కొసలు వణుకుతాయి. ఆకు అంచున ఆగిన మంచుబొట్టు ఒకటి జారి మడినీళ్లలో కలిసిపోతుంది.

ఆకు ఎరుపును ఆరగిస్తుంది, నీలాన్ని నమిలేస్తుంది, మిగిలిన కాస్త పచ్చని మన కంటికి ప్రసాదంగా పెడుతుంది. కానీ దాని అసలు నవ్వు పరారుణంలో ఉంది! ఆకు లోపలి గాలి గదుల్లో తుళ్లి, కణం కణం తాకి, వెల్లువై వెనక్కి పొంగే వెలుగది. 1800లో ఖగోళ శాస్త్రజ్ఞుడు హెర్షెల్ ఎరుపు అవతల పెట్టిన థర్మామీటర్‌కు వెచ్చగా తగిలిన వెలుగే అది. మనం దానికి పుట్టుగుడ్డివాళ్లం, నీవు కావు. పరారుణంలోంచి ఎరుపును తీసేసి, ఆ రెంటి మొత్తంతో భాగిస్తావు. ఆ చిన్న అంకెలో పైరు ప్రాణమంతా పలుకుతుంది: నిండు చేనైతే ఒకటి వైపు, బీడైతే సున్నా వైపు. మన కంటికి ఆకు ఇంకా పచ్చగానే ఉన్నప్పుడు, దాని లోపలి దిగులు ఒక్కోసారి నీకే ముందు తెలుస్తుంది. అమ్మకు బిడ్డ ఒళ్లు వెచ్చబడటం తెలిసినట్టు!

అయినా నీవు సర్వజ్ఞురాలివి కావు, అందుకే మరీ ముద్దొస్తావు. కలుపు కూడా నీ కంటికి పచ్చే. నత్రజని చాలలేదో, నీరందలేదో, అగ్గి తెగులే తగిలిందో ఆ ఒక్క అంకె తేల్చలేదు. ఎక్కడో నీవు చెబుతావు; ఎందుకో చేనే చెప్పాలి.

రైతన్నా, ఈ తల్లి అంకెలతో గీసిన పటంలో మీ మడి మూల ఒకటి ఎర్రబడి కనిపిస్తే, మందు డబ్బా మూత తీయకముందే బురదలోకి దిగండి. ఆకు తిరగేసి చూడండి.