తాడుకు దండం

నూతి గిలకమీద కీచుమనే చేంతాడూ, ఎద్దు మెడలో పలుపూ, నాన్న చేతిలో పగ్గమూ, చంటిపిల్ల ఊయల తాడూ, మీరంతా నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. మీ వంశంలో ఇంకొకడున్నాడని డార్జిలింగ్ వెళ్ళేదాకా తెలియలేదు. పట్టుకుంటే పిల్లి వెన్నులా నున్నగా ఉన్నాడు. పైన నేత తొడుగు, లోపల నైలాన్ పోగుల గుండె. మనిషి జారితే ఉన్నపళాన బిగుసుకుపోడు. కాస్త సాగి, ఆ ఊపును తాను మింగి, నడుం విరగకుండా కాస్తాడు. కొండలెక్కేవాళ్ళ తాడూ, నీకు దండం!

అక్కడి హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో 28 రోజుల బేసిక్ కోర్సు. శిఖరాల కంటే ముందు ముడులు. ఎనిమిది అంకెలా మెలేసి, కొసను నడుం పట్టీలోంచి దూర్చి, వచ్చిన దారినే వెనక్కి నడిపించాలి. మనం ఒకసారి చూసుకోవాలి, మన జోడీ ఒకసారి చూస్తాడు. నలభయ్యో పడిలో పడి, నేను మళ్ళీ ఎనిమిది దిద్దాను.

టెన్జింగ్ రాక్ అనే బండ దగ్గర తాడు సర్దుతూ సర్దుతూ తొక్కాను. అక్కడ అంతకు మించిన తప్పు లేదు. బూటు కింది ఇసుక రేణువు తొడుగులోంచి దిగి లోపలి పోగుల్ని కోస్తుంది. మాకు నేర్పే సార్ అరవబోయేలోపే నా చెయ్యి దానంతటది వంగి తాడును తాకి కళ్ళకద్దుకుంది, చిన్నప్పుడు కాలికి పుస్తకం తగిలితే చేసినట్టు. ఆయన తెరిచిన నోరు మూసుకున్నాడు. మర్నాడు మళ్ళీ తొక్కితే మాత్రం ఇరవై పుషప్స్ తీయించాడు.

మన వేదాంతులు తాడును చూసి పామనుకున్న వాడి కథ చెప్పారు. నలభై అడుగుల ఎత్తున బండకు కరుచుకుని, కాళ్ళు కుట్టుమిషన్‌లా వణుకుతుంటే, నేను పామునైనా తాడనుకుని పట్టుకునేవాణ్ణి.

పట్టుకోవలసింది నేను కాదని అప్పుడే తెలిసింది. కింద ఒకడున్నాడు. అస్సాం కుర్రాడు, నాలో సగం వయసు. నేను ఎక్కేకొద్దీ తాడు లాగుతూ, జారితే ఆపడానికి కాచుకుని ఉన్నాడు. దాన్ని బిలే అంటారు. దానికి ఒకే ఒక్క ఆజ్ఞ: కింది చెయ్యి వదలకు. దోమ కుట్టినా వదలకు, తుమ్మొచ్చినా వదలకు.

1953లో ఎవరెస్టు దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్‌లో హిల్లరీ కాలి కింద మంచు విరిగి అతను లోపలికి పోతుంటే, టెన్జింగ్ గొడ్డలి మంచులో దిగేసి, నిన్ను దానికి చుట్టి బిగించాడు. కొద్ది వారాలకే, మే 29న, ఆ ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. 1954లో మా డార్జిలింగ్ సంస్థ పుడితే, కొండమీద పాఠాలకు తొలి పెద్ద టెన్జింగే.

నువ్వు తెగావు కూడా. 1865 జులై 14న మాటర్‌హార్న్ మొదటిసారి ఎక్కి దిగుతున్న ఏడుగురి మధ్య తెగావు. నలుగురు పోయారు. ఆ తెగిన ముక్క జెర్మాట్ మ్యూజియంలో ఉంది. నైలాన్ రావడానికి అప్పటికింకా చాలా ఏళ్ళున్నాయి.

సిక్కింలో, 14 వేల అడుగులు దాటాక, రాథోంగ్ హిమానీనదం. ఎండాకాలం మా చెరువు అడుగు నెర్రెలు బారినట్టే మంచు నెర్రెలు బారి ఉంది. కాకపోతే ఈ నెర్రెల్లో మనిషి మాయమవుతాడు. నలుగురం ఒకే తాడున నడిచాం. బిగిస్తే ముందువాడి అడుగు ఆగుతుంది, వదిలేస్తే పడినవాడు మరింత లోతుకు పోతాడు. తాడు మంచును తాకీ తాకనట్టు సాగాలి. ముందున్న షెర్పా సార్ అలిసింది, వెనకవాడు దగ్గింది, అన్నీ నడుం దగ్గర తెలిసేవి. అంతగా ఎవరి నడకనూ నేను ఎన్నడూ విన్లేదు.

నెర్రెలోకి దింపి, పైకి రమ్మన్నారు. సన్న తాడుతో ప్రూసిక్ ముడి: బరువేస్తే బిగుస్తుంది, తీస్తే జరుగుతుంది. ఒకటి నడుముకు, ఒకటి కాలికి. కూర్చో, కాలు పైకి తే, నిలబడు, ముడి జరుపు. నీలం గోడల మధ్య ఆవిర్లు కక్కుతూ ఎక్కుతుంటే మా ఊరి గౌడన్న గుర్తొచ్చాడు. నడుముకు మోకు, కాళ్ళకు బంధం. వెనక్కి వాలి, మోకు పైకి ఎగరేసి, మళ్ళీ వాలి. ఏ కోర్సూ లేకుండా రోజుకు ఇన్ని తాటిచెట్లు ఎక్కి దిగే మనిషి! ఇంతకాలం ఆయన కల్లును పొగిడానే గానీ మోకును చూడనేలేదు.

మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్, గురుకులాల పిల్లలు, నిన్ను మొదట పట్టుకున్నది భువనగిరి కోట బండ మీదే. తర్వాత ఇదే డార్జిలింగ్. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కేనాటికి పూర్ణకు 14 ఏళ్ళు నిండలేదు. జెండాతో దిగిన ఫొటోలే అందరూ చూశారు. నేనిప్పుడు ఆ బొమ్మల్లో నడుం దగ్గర వెతుకుతాను, నువ్వున్నావా అని.

చివరి రోజు తాళ్ళన్నీ కడిగి నీడన ఆరేశాం. ఎండ నీకు పడదట. న్యూ జల్‌పాయ్‌గురిలో రైలెక్కాను. రాత్రెప్పుడో బోగీ ఒక్క కుదుపు కుదిపింది. మెలకువ వచ్చి చూసుకుంటే నా కుడిచెయ్యి తుంటి పక్కన పిడికిలి బిగించి ఉంది. పై బెర్తులో ఎవరో పక్కకు తిరిగి పడుకున్నారు.